స్కీ బూటు: ఎంపిక, పరీక్ష

మంచుకొండల వాలుపై జారు స్కీ క్రీడను చూచువారి దృష్టి తొలుత పొడవైన స్కీ పలకల మీదనే నిలుచును. కాని ఆ పలకలకును ఆటగాని శరీరమునకును నడుమ ఉన్న ఏకైక వారధి బూటు. మోకాలిని ముందుకు వంచినను, పాదమును ప్రక్కకు ఒరిగించినను ఆ కదలిక బూటు ద్వారానే పలక అంచునకు చేరును. బూటులో పాదము అటునిటు కదలినచో మలుపు ఆలస్యమగును. వేగము అదుపు తప్పును.

మన దేశములో ఈ క్రీడకు కాశ్మీరులోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ ప్రసిద్ధ స్థలములు. కాశ్మీరు యువకుడు ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్ క్రీడలలో మన దేశము తరఫున పాల్గొనెను. తెలుగు నాట ఇట్టి మంచు వాలులు లేవు. కావున శిక్షణకై ఉత్తరమునకు వెళ్లు మన విద్యార్థి మొదటి ఉదయముననే అద్దె బూట్ల వరుస యెదుట ఏమియు తెలియక నిలువవలసి వచ్చును. ఆ సమయమున దేనిని చూచి నిర్ణయింపవలెనో తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

నిర్మాణము

పూర్వము స్కీ బూట్లు తోలుతో చేసి త్రాళ్లతో బిగించెడివారు. అవి తడిసి మెత్తబడెడివి. 1960ల దశకములో అమెరికాకు చెందిన బాబ్ లాంగే ప్లాస్టిక్ బూటును ప్రచారములోనికి తెచ్చెను. నేటి బూటులో రెండు భాగములు కలవు: బయట గట్టి ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తని లోబూటు. లోబూటు వాడుకతో కొంత అణగి వదులగును. చిప్ప తనంతట తాను సాగదు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో తక్కిన పరీక్షలన్నియు సులభముగా బోధపడును.

కొలత

స్కీ బూటు సైజును మాండోపాయింట్ అందురు. అది పాదపు పొడవును సెంటీమీటర్లలో తెలుపును. మడమను గోడకు ఆనించి, బరువంతయు మోపి నిలిచి, రెండు పాదములను వేర్వేరుగా కొలువవలెను. పొడవు 26.5 సెంటీమీటర్లయినచో ఆ సంఖ్యతోనే వెదకుట ప్రారంభింపవచ్చును. వెడల్పును మిల్లీమీటర్లలో చెప్పుదురు: 97, 98 ఇరుకు రకములు, 100 మధ్యమము, 102, ఆపైన విశాలము.

పిల్లలకు ‘ఒక సైజు పెద్దది’ కొనుట మన ఇండ్లలో పొదుపు లక్షణము. స్కీ బూటు విషయమున ఈ అలవాటు ప్రమాదకరము. వదులు బూటును బిగించుటకు బకిళ్లను అతిగా లాగుదురు. పాదము పైభాగము నలిగి రక్తప్రసారము తగ్గును. వ్రేళ్లు చల్లబడి మొద్దుబారును. మడమ మాత్రము అప్పటికిని నిలువదు.

చిప్ప పరీక్ష

లోబూటును బయటికి తీసి, పాదమును ఖాళీ చిప్పలో ఉంచి, వ్రేళ్లు ముందు గోడను తాకునట్లు జరుపవలెను. అప్పుడు మడమ వెనుక మిగిలిన ఖాళీని చూడవలెను. సాధారణ ఆటగానికి 1.5 నుండి 2 సెంటీమీటర్లు తగును. పందెగాండ్రు 1 సెంటీమీటరు, అంతకు తక్కువ కూడ ఉంచుకొందురు. 2 సెంటీమీటర్లు మించినచో బూటు పెద్దదని తెలియవలెను. కొత్త లోబూటు మెత్తదనము మనలను మోసగించును గాని ఈ ఖాళీ మోసగించదు.

ధరించి చూచుట

ఒకే జత పలుచని పొడవు మేజోళ్లు చాలును. రెండు జతలు తొడిగినచో ముడుతలు పడి బాధించును. మడమను నేలపై తట్టి వెనుకకు చేర్చి, బకిళ్లను మితముగా బిగింపవలెను. నిటారుగా నిలిచినపుడు వ్రేళ్లు ముందు భాగమును తేలికగా తాకవలెను, మోకాళ్లు వంచినపుడు కొద్దిగా వెనుకకు తొలగవలెను, మడమ లేవరాదు. ఇట్లు 15, 20 నిమిషములు నిలిచి చూడవలెను. పాదమంతట సమానముగా పట్టినట్లుండుట మంచిదే. ఒకే ఎముకపై సూదివంటి నొప్పి, తిమ్మిరి మాత్రము సహింపదగినవి కావు. స్వంత బూటైనచో నిపుణుడు చిప్పను వేడిచేసి ఆ చోట సాగదీయగలడు. అద్దె బూటైనచో మరియొకటి అడుగుటయే ఉపాయము.

బిరుసుతనము

బూటుపై 70, 100, 130 వంటి ఫ్లెక్స్ సంఖ్యలుండును. సంఖ్య పెరిగిన కొలది బూటు బిరుసు. అయితే దీనికి అందరు తయారీదారులు పాటించు ఏకప్రమాణము లేదు. ఒకరి 100 మరియొకరి 100తో సమానము కాదు. పైగా వెచ్చని దుకాణములో సులభముగా వంగిన ప్లాస్టిక్, చలిలో మరింత బిరుసెక్కును. క్రొత్తవాడు వంపలేనంత గట్టి బూటు తొడిగినచో బరువు వెనుకకు పోయి తూలును.

మంచుపై పరీక్ష

తుది తీర్పు మంచుదే. మొదట స్వల్పమైన వాలుపై ఎడమకు, కుడికి చిన్న మలుపులు తిరిగి, పాదము ఒరిగిన వెంటనే పలక ఒరుగుచున్నదా, మడమ లేచుచున్నదా యని గమనింపవలెను. బూటును మార్చినపుడెల్ల దానిని పలకకు పట్టి ఉంచు బైండింగును నిపుణునిచే తిరిగి సరిచేయించుట తప్పనిసరి. బూటు అడుగు పొడవు, ఆటగాని బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు లెక్కించి దానిని అమర్చుదురు. గట్టి బూటు చీలమండను కాపాడును. పడినపుడు బైండింగు సకాలమున విడివడనిచో ఆ మెలి కాలి ఎముకపైనను మోకాలిపైనను పడును.

కావున మిత్రులారా, వెనుక వరుసలోనివారు తొందరపెట్టినను, మొదట తొడిగినది హాయిగా తోచినను, చిప్పను ఒకసారి పరీక్షించి గాని బకిలు బిగింపకుడు. అందుకు పట్టునది ఐదు నిమిషములు. అది కాపాడునది మోకాలిని.