బురద మీద నడిపించిన పాటెన్లు

18వ శతాబ్దంలో ఇంగ్లండు వీధులు బురదమయం. అక్కడి స్త్రీలు బూట్ల కింద పాటెన్లు కట్టుకొనేవారు. చెక్క అడుగు, దాని కింద ఇనుప వలయం, పైన పట్టీ. పాదం బురదకు అందకుండా పైకి లేచేది. రాతి నేలపై ఒకటే టకటకలు! అందుకే చర్చిలోకి వచ్చేవారు వాటిని గుమ్మం దగ్గరే విడవవలసి వచ్చేది. మనకిది కొత్త కాదు.

వారు కాపాడుకొన్నది బూట్లనూ, లంగా అంచులనూ. బురదలోంచి పాదం ద్వారా రోగం వస్తుందని అప్పటికి తెలియదు. కొంకిపురుగు పిల్లలు చర్మం గుండా దూరతాయని ఈజిప్టులో పనిచేసిన ఆర్థర్ లూస్ 1898లో తెలియజేశాడు. మలం కలిసిన తడి మట్టిలో వట్టికాళ్లతో నడిస్తే చాలు. పేగులో చేరి రక్తం పీలుస్తాయి. గర్భిణులకూ, పిల్లలకూ రక్తహీనత వస్తుంది. పాదాల దురదతోపాటు నీరసం, పాలిపోవడం ఉంటే మల పరీక్ష చేయించండి. మందు మాత్రలతో నయమవుతుంది.