తాడు పట్టుకుని దూకొద్దు

చి.సౌ. అమ్మలుకి,

నీ ఉత్తరం అందింది. ఆదివారం సాయంత్రం బర్కిలీ మెరీనాలో జరిగిందంతా చదివి మనసు బాధపడింది. పొద్దుటినుంచీ బే మీద హాయిగా తిరిగొచ్చి, చివరి ఐదు నిమిషాల్లో పదిమంది ముందు ఒకరినొకరు కేకలేసుకునే జంటలు ఇక్కడ ప్రతి మెరీనాలోనూ కనిపిస్తారు. అది మీ ఇద్దరి స్వభావాల్లో ఉన్న లోపం కాదు. "ఇంకెప్పుడూ పడవెక్కను" అని రాశావే, ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకో తల్లీ. నీకు చేతకాక జరిగింది కాదది. నీకు అప్పగించిన పనే తప్పు.

అల్లుడు చుక్కాని దగ్గర నిలబడి పడవని స్లిప్పులోకి, అంటే దాన్ని కట్టే చోటుకి, తెస్తాడు, నువ్వు తాడు పట్టుకుని డాక్ మీదికి దూకి పడవని ఆపాలి. ఇదే కదా మీ పద్ధతి? హుస్సేన్ సాగర్‌లో అతను నేర్చుకున్న లేజర్ అనే చిన్న పడవ తెరచాప, స్తంభం లేకుండా 60 కిలోలు కూడా ఉండదు, చేత్తో పట్టుకుంటే ఆగిపోతుంది. ఆ అలవాటే అతనికి మిగిలిపోయి ఉంటుంది. మీరు కొన్న 30 అడుగుల పడవ 4.5 టన్నుల పైమాటే. దాన్ని నువ్వే కాదు, నీకు రెట్టింపు బలమున్నవాడు కూడా చేతులతో ఆపలేడు. ఆపాల్సింది ఇంజనూ, తాడూ. అందుకే ఇది అన్నిటికంటే ముందు చెబుతున్నాను: దూకొద్దు. దిగడానికి ఒక్క అడుగు వేస్తే చాలనేంత దగ్గరికి పడవ రాకపోతే దిగనని చెప్పు. పడవకీ డాక్‌కీ మధ్య చెయ్యిగాని కాలుగాని పెట్టకు, ఎవరు అరిచినా సరే. పడవకి గీత పడితే రంగు వేయించుకోవచ్చు. నువ్వు నీళ్లలో పడితే అలా కాదు. గోల్డెన్ గేట్ దగ్గర నీళ్లు వేసవిలో కూడా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. పడగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. పడవ కట్టేసేదాకా లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి.

ముందు తాడు కట్టగానే పడవ వెనుకభాగం తిరిగిపోయి పక్కవాళ్ల పడవ మీదికి వెళ్లిందని రాశావు. అది నీ ముడి తప్పు కాదు. ఇంకా కదులుతున్న పడవని ముక్కు దగ్గర పట్టి ఆపితే ముక్కు డాక్ వైపు లాక్కుంటుంది, వెనుకభాగం బయటికి విసురుగా తిరుగుతుంది. ఏ పడవైనా అంతే. ఇద్దరే ఉన్నప్పుడు మొదట కట్టాల్సింది మధ్య తాడు. పడవ నడుమ, పక్క అంచు మీద తాడు కట్టే క్లీట్ ఉంటుంది చూడు, తాడు అక్కడినుంచి రావాలి. రెండో కొసకి పెద్ద ఉచ్చు వేసుకుని, రెయిలింగ్ తీగల బయటినుంచి తీసుకుని సిద్ధంగా ఉండు. స్లిప్ మొదట్లో ఉన్న డాక్ క్లీట్ నీ పక్కకి రాగానే, పడవ మీదే నిలబడి ఆ ఉచ్చు దానికి తగిలించు. పడవ ఇంకాస్త ముందుకెళ్లి తాడు బిగిశాక అల్లుడు గేరు ముందుకే ఉంచి, ఇంజను నెమ్మదిగా నడుపుతూ, చుక్కాని చక్రాన్ని డాక్‌కి అవతలివైపు తిప్పి పట్టుకోవాలి. పడవ ముందుకి పోలేక తనంతట తనే డాక్‌ని ఆనుకుని నిలబడుతుంది. ఇంజను అలా నడుస్తున్నంతసేపూ కదలదు. అప్పుడు ముందు తాడూ వెనక తాడూ తీరిగ్గా కట్టుకోవచ్చు. మధ్య తాడు ఎంత పొడవుండాలో పడవ స్లిప్పులో కట్టి ఉన్నప్పుడే కొలిచి గుర్తు పెట్టుకోండి. అలా చేస్తే ముక్కు ఎదుటి డాక్‌కి తగలకముందే ఆగుతుంది. తాళ్లు ఏవీ నీళ్లలో వేలాడకుండా చూసుకో, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది.

మీరు వచ్చిన వేళ కూడా మంచిది కాదు. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ కాగిపోయి అక్కడి గాలి పైకి లేస్తుంటే, సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. ఆ దారికి సూటిగా ఎదురుగా ఉంది బర్కిలీ. సాయంత్రానికి 20, 25 నాట్లు మామూలే. గాలి 10 నాట్ల నుంచి 20కి పెరిగితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పైగా వేగం తగ్గేకొద్దీ పడవ అడుగునున్న కీల్‌కి, చుక్కానికి నీళ్లలో పట్టు పోయి, ముక్కు గాలి వాలుకి కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సిన వేళ అది కానే కాదు. పొద్దున్నే వెళ్లండి. ఓక్లండ్‌కీ అలమీడాకీ మధ్యనున్న ఈస్ట్యూరీలో ఆ వేళకి గాలి చాలా తక్కువ. ఖాళీ నీళ్లలో, పడవ పక్కన వేలాడదీసే ఫెండర్ ఒకటి పడేసి, దాని పక్కన పడవని ఆపడం నేర్చుకోండి. రివర్స్ వేసినప్పుడు మీ పడవ వెనుకభాగం ఎటు జరుగుతుందో కూడా తెలియాలి. చాలా పడవలు ఎడమకి లాగుతాయి. డాక్‌కి గట్టిగా కట్టి ఉండగా రివర్స్ వేసి చూస్తే, ప్రొపెల్లర్ నీళ్లు ఏ పక్కకి ఎక్కువ పొంగుతాయో దానికి ఎదుటి పక్కకి లాగుతుందని అర్థం.

ఇక మాటల సంగతి. మన ఆర్టీసీ బస్సులో కండక్టరు "రైట్", "హోల్డాన్" అని రెండే మాటలతో అంత బండినీ నడిపిస్తాడు. మీకూ మూడే మాటలు చాలు: ఇంకా ఎన్ని అడుగులుందో, తాడు పడిందో లేదో, వదిలేసి బయటికి పోదామో. ఇంజను చప్పుడులో, గాలిలో మాట వినపడదు, వినపడాలని గొంతు పెంచుతాం, పెరిగిన గొంతు అవతలివాళ్లకి కోపంలా వినిపిస్తుంది. మీ గొడవలో సగం ఇదే. కాబట్టి చేతి సైగలు ముందే అనుకోండి. బ్రేక్‌వాటర్ దాటకముందే పడవ నెమ్మది చేసి, గాలి ఎటునుంచి ఉంది, ఏ పక్క కట్టాలి, ఫెండర్లు డాక్ ఎత్తులో ఉన్నాయా అని ఒకసారి మాట్లాడుకోండి. రివర్స్ పనిచేస్తోందో లేదో అప్పుడే వేసి చూడమను. "బయటికి పోదాం" అని ఎవరన్నా రెండోవాళ్లు కారణం అడక్కూడదు. స్లిప్పులోకి ముక్కు దూరకముందు ఎన్నిసార్లైనా తిరిగి రావచ్చు.

అల్లుడు వినాల్సిన మాట ఒకటుంది, ఇది అతనికి చదివి వినిపించు. ఇకమీదట సగంసార్లు చుక్కాని నీ చేతిలో ఉండాలి. చక్రం తిప్పడానికి, గేరు మార్చడానికి బలం అక్కర్లేదు, చూపూ ఓపికా కావాలి. బలం కాస్త అవసరమైతే తాళ్ల దగ్గరే. మరి మగవాళ్లు చక్రం దగ్గర, ఆడవాళ్లు తాడు దగ్గర అనే ఏర్పాటు ఎందుకొచ్చిందో నాకు ఏనాడూ అర్థం కాలేదు. 2017లో తారిణి అనే 56 అడుగుల పడవ మీద ప్రపంచం చుట్టూ బయల్దేరిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో మన విశాఖ అమ్మాయి స్వాతి ఉంది. 2024 అక్టోబరులో అదే పడవ మీద నౌకాదళ అధికారిణులే అయిన దిల్నా, రూపా ఇద్దరే బయల్దేరి చుట్టివచ్చారు. ఇద్దరే ఉన్న పడవలో ఒకరికి తెలిసిన పని రెండోవారికి తెలియకపోతే ఎలా? ఏదో ఒక సాయంత్రం అల్లుడు నీళ్లలో పడితే, పడవని వెనక్కి తిప్పి అతని పక్కకి తెచ్చి ఆపాల్సింది నువ్వొక్కదానివే. ఆ విద్య రేవులోనే వస్తుంది. అతను కూడా తాడు పట్టుకుని అంచున నిలబడి చూస్తే, నీకు అక్కడినుంచి డాక్ ఎంత దూరంగా కనిపిస్తుందో తెలుస్తుంది.

మధ్య తాడుకి అర అంగుళం నైలాన్ కొనండి, అది కొద్దిగా సాగుతుంది కనుక కుదుపు క్లీట్ మీద పడదు. వచ్చే శనివారం పొద్దున్న ఎనిమిదికల్లా అలమీడా వచ్చేయండి. మీ పెదనాన్న డాక్ మీద ఉంటారు, నేను మీతో పడవలో ఉంటాను. మొదటిసారి చక్రం నువ్వే పట్టుకుంటావు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ