అరవై దాటాక సేవకు వెళ్తే: సందేహాలు - సమాధానాలు

*అయ్యా, ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ టీచరు, ఆవిడా ఈమధ్యే రిటైరయింది. పిల్లలు స్థిరపడ్డారు. రంపచోడవరం అవతల ఒక చిన్న సంఘానికి ఏడాదిన్నర సాయంగా ఉండమని మా అయ్యగారు అడుగుతున్నారు. వెళ్లాలనే ఉంది. చుట్టాలు మాత్రం "ఈ వయసులో మీకెందుకండీ" అంటున్నారు. సంతోషమెంత, నిరాశెంత అన్నది ముందే తెలిస్తే మనసు గట్టిచేసుకుంటాం. - ధవళేశ్వరం పాఠకుడు*

మీలాంటి ఇంజనీరింగ్ ఉద్యోగి ఒకాయన మీకంటే చాలా ముందు ఈ దారిన వెళ్లాడు. ఆయన పేరు ఎఫ్.టి. హేగ్. కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఎగువ గోదావరిలో పడవలు నడిచేలా చేసే పనులు చూసిన ఇంజనీరు. దుమ్ముగూడెంలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్న కోయవాళ్లను చూసి, వాళ్ల మధ్య పనిచేయడానికి మనిషిని పంపమని చర్చి మిషనరీ సొసైటీని అడిగింది ఆయనే. అలా మొదట పనికి దిగింది తెలుగువాడైన వెంకటరామరాజు. ఉన్న ఉద్యోగం వదులుకుని మరీ దిగాడు. ఎగువ గోదావరి పనుల్ని 1871లో సర్కారు ఆపేసింది. ఏళ్ల తరబడి హేగ్ పడ్డ శ్రమ అంతటితో సరి. అదే మనిషి జనరల్ హోదాలో ఉద్యోగం చాలించాక, 1880ల్లో మళ్లీ దుమ్ముగూడెం వచ్చి కొంతకాలం మిషను పని చూసుకున్నాడు. ఉద్యోగం చేయించిన పని నిలవలేదు. పిలుపు మొదలుపెట్టిన పని కోసం మాత్రం రిటైరయ్యాక తిరిగొచ్చాడు. మీ చుట్టాలతో వాదన వస్తే ఈయన పేరు చెప్పండి.

ఇక నిరాశల సంగతి. దోమలు, కరెంటు కోతలు, నీళ్లు అని అందరూ చెబుతారు. వాటికి నెల తిరిగేసరికి అలవాటు పడతారు. పెద్దవాళ్లను నిజంగా కుంగదీసేది హోదా. ముప్ఫై ఏళ్లు మీ సంతకం కోసం ఫైళ్లు వచ్చి నిలబడ్డాయి. అక్కడి పాస్టరుకు ముప్ఫై ఏళ్ల వయసు కూడా ఉండకపోవచ్చు. మిమ్మల్ని "సార్" అనే పిలుస్తాడు, కుర్చీ వేస్తాడు, మీరు చెప్పింది శ్రద్ధగా వింటాడు, తరవాత తనకు తోచినట్టే చేస్తాడు. అలా చేయడమే సబబు కూడా. మీరు ఏడాదిన్నరకు వెళ్లిపోతారు, అతను అక్కడే బతకాలి. లెక్కల పుస్తకం సరిగ్గా లేదనిపిస్తే మొదటి మూడు నెలలూ నోరు విప్పకండి. నాలుగో నెలలో అతనే వచ్చి చూడమంటాడు. అడగకపోతే ఆ పుస్తకం మీ పని కాదన్నమాట.

రెండోది డబ్బు. పెన్షను వచ్చే దంపతులు ఊళ్లో దిగారంటే వారంలో తెలిసిపోతుంది. అప్పులు అడుగుతారు. ఇస్తే తిరిగిరాదు, ఇవ్వకపోతే మనసు పీకుతుంది. వెళ్లేముందే ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకోండి: అప్పు ఇవ్వం, సాయం చేయాలంటే సంఘం ద్వారానే చేస్తాం. ఒకరు ఒప్పుకుని ఒకరు ఒప్పుకోకపోతే ఆ గొడవ ఊరితో కాదు, మీ ఇంట్లోనే మొదలవుతుంది. అన్నట్టు, ఇల్లు అమ్మి వెళ్లకండి. త్యాగమని ఎవరు పొగిడినా సరే.

మరి సంతోషమో? ఉద్యోగమున్నన్నాళ్లూ మీ ఆవిడ పొద్దుటే బడికి, మీరు కాలవ గట్టుకి. అక్కడ ఇద్దరూ ఒకే గుమ్మంలో కూర్చుని ఒకే మనిషి కష్టం వింటారు. పడుచు సువార్తికుడి దగ్గర నోరు మెదపని ముసలావిడ మీ ఆవిడ పక్కన కూర్చుని కోడలి గురించి గంటసేపు చెబుతుంది. దానికి తీరిక కావాలి, నెరిసిన జుట్టు కావాలి. రెండూ మీ దగ్గరున్నాయి.

బీపీ, షుగరు మాత్రలు రెండు నెలలకు సరిపడా పట్టుకెళ్లండి. అది మలేరియా ఉన్న చోటు. జ్వరం వస్తే ప్రార్థన చేసుకోండి, రక్తపరీక్ష కూడా చేయించుకోండి.

*మావారు ప్రసంగం చెబుతారు, కూటాలు పెడతారు. నేను వెళ్లి ఏం చేయాలి? వండి పెట్టడమేనా? - కడియం పాఠకురాలు*

మీ ప్రశ్నకు వయసు రెండు వందల ఏళ్లకు దగ్గర పడింది. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు డెవాన్ నుంచి రెండు జంటలు ఈ తీరానికి బయల్దేరాయి. విలియం బౌడెన్ రాతిపనివాడు. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువులు చదివిన దొరలు కారు. నర్సాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషను వాళ్ల చేతుల మీదే మొదలైంది. పాత పుస్తకాల్లో వాళ్ల భార్యల సంగతి ఎంతుందో చూస్తే మీకు కోపం వస్తుంది. మొగుళ్ల పని పేజీలకు పేజీలు. వీళ్లు మాత్రం "మిసెస్" ఫలానా. అయితే 1853లో జార్జి బీర్ పోయాక ఎలిజబెత్ బీర్ సామాను సర్దుకుని స్వదేశం వెళ్లిపోలేదు. ఇక్కడే ఉండి పని నడిపించింది. వండి పెట్టడమే ఆమె పని అయితే, వడ్డించుకునే మనిషి పోయిన నాడే అది అయిపోవాలి కదా.

నర్సాపురం లేసు అల్లిక కూడా మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు నేర్పిన విద్యే. వాళ్లు వెళ్లిపోయినా సూది మిగిలింది. దాని మీద లాభం మాత్రం ఎక్కువగా వ్యాపారుల చేతుల్లోకి వెళ్లింది. అల్లే ఆడవాళ్ల కూలి ఎంత తక్కువో చెబుతూ పరిశోధకురాలు మారియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాశారు. అందుకే చెబుతున్నా, అక్కడి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పాలనుకుంటే, సరుకు ఎవరికి ఎంతకు అమ్మాలో కూడా నేర్పండి.

బయల్దేరే ముందే మీ పనేమిటో సంఘం చేత కాగితం మీద రాయించుకోండి. "అమ్మగారు సహకరిస్తారు" అన్న ఒక్క ముక్కతో సరిపెడితే వెనక్కి పంపండి.

*మా కోడలికి ఎనిమిదో నెల. సేవకు ఒప్పుకున్న తేదీ కూడా అప్పుడే వచ్చింది. - తణుకు*

పురుడు పోసి, బిడ్డకు మూడో నెల వచ్చాక వెళ్లండి. తేదీ మార్చమని ఈ రోజే ఫోను చేయండి. ఇందులో సందేహపడాల్సింది ఏమీ లేదు.

*వయసు మళ్లాక మన జిల్లాకు మిషనరీగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? - రాజమండ్రి విద్యార్థి*

దంపతులుగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది పడుచు వయసులో వచ్చి ఇక్కడే ముసలివాళ్లయ్యారు. బౌడెన్ 1876లో చనిపోయాడు, అంటే దాదాపు నలభై ఏళ్ల సేవ. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న 1847-52 కాలంలో ఈ డెల్టా మిషనరీలు వేలాది కూలీల మధ్య బోధించారు.

వయసు మళ్లాక వచ్చిన మనిషంటే లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్. భార్య మేరీ 1839లోనే పోయింది. ఆ తరవాతే ఆయన ఇండియాకు బయల్దేరి 1842లో గుంటూరు చేరాడు. రాజమండ్రి మిషనును వేరే సొసైటీకి అప్పగించబోతున్నారని తెలిసి, 1869లో డెబ్బై ఆరేళ్ల వయసులో నేను మళ్లీ వెళ్తానని లేచాడు. వచ్చి పని నిలబెట్టాడు. మరుసటి సంవత్సరం ష్మిట్ అనే కుర్ర మిషనరీ వచ్చాడు. పని అప్పగించి 1871లో హేయర్ అమెరికా వెళ్లిపోయాడు, 1873లో కన్నుమూశాడు. ఆయన వచ్చింది గొప్పే. సమయానికి పక్కకు తప్పుకున్నాడు చూడండి, నాకు అది ఇంకా గొప్పగా కనిపిస్తుంది.

*మేం అమెరికా పౌరులం, ఓసీఐ కార్డులున్నాయి. రిటైరయ్యాం. ఏడాదిపాటు ధవళేశ్వరంలో ఉండి పరిచర్య చేయొచ్చా? - అట్లాంటా*

సొంత ఊరే కదా, కార్డు ఉంది కదా అని నేరుగా దిగకండి. ఓసీఐ వాళ్లు మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని కేంద్ర హోం శాఖ 2021 మార్చి నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. ముందు అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అడగండి. బంధువుల ఇంటికి వచ్చి ఆదివారం గుడికి వెళ్లడం వేరు, ఊరూరా కూటాలు పెట్టడం వేరు. మిమ్మల్ని పిలిచిన పాస్టరు "ఏం ఫర్వాలేదండీ" అనొచ్చు. ఇబ్బంది వస్తే పడేది మీరూ, ఆయనా కూడా.

మీకంటే ముందు ఇలా వచ్చిన తెలుగు జంట ఉంది. సమోవాలో ఉద్యోగం చేస్తూ లాటర్ డే సెయింట్స్ (మోర్మన్) చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ 1978లో ఆ చర్చి తరఫున హైదరాబాదు వచ్చారు. కలిసింది సొంతవాళ్లనే. ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథంలో భాగాలను తెలుగు చేసింది ఎల్సీ తండ్రి, పాస్టరు శ్రీనివాసం. ఆ చర్చిలో రిటైరైన దంపతులు సొంత ఖర్చుతో కొన్ని నెలల నుంచి రెండేళ్ల లోపు సేవకు వెళ్లడం మామూలు. మన సంఘాల్లో అలాంటి పద్ధతి ఎందుకు స్థిరపడలేదో పెద్దలు ఆలోచించాలి.

*మేమిద్దరం ఏజెన్సీలో ఏడాది ఉండి వచ్చాం. ఒక్క బాప్తిస్మం కూడా జరగలేదు. కమిటీవాళ్లు నివేదికలో సంఖ్య రాయమంటున్నారు. మా ఆవిడ రోజూ బాధపడుతోంది. - రావులపాలెం*

సున్నా అని రాయండి. సంఖ్య పెంచి రాయకండి, సాకులూ వెతకకండి. కింద మీరు చేసింది రాయండి: చదవడం నేర్చుకున్న పిల్లలెందరు, ఆసుపత్రికి తోడు వెళ్లిందెవరికి, రాత్రిపూట మీ తలుపు తట్టిందెవరు. మీ ఆవిడ బాధకు కాగితం మందు కాదు. అక్కడ తనకు దగ్గరైన ఇద్దరు ముగ్గురితో నెలకోసారైనా ఫోన్లో మాట్లాడుతూ ఉండమనండి. చాలామంది తిరిగొచ్చాక ఆ తీగ తెంపేసుకుని, తరవాత ఏమీ మిగల్లేదని ఏడుస్తారు. కమిటీకి అప్పటికీ సంఖ్యే కావాలనిపిస్తే వాళ్లే ఒకసారి వెళ్లి చూసి రావచ్చు. రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా బస్సులున్నాయి.