విదేశంలో గడిపిన ఏళ్లకూ లెక్క చెప్పాలి

అమెరికాలో ఎంఎస్ చేసి, కొన్నాళ్లు ఉద్యోగం వెలగబెట్టి తిరిగొచ్చారు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబులోనో, ఈసీఐఎల్‌లోనో, శ్రీహరికోటలోనో కొలువు కోసం ప్రయత్నించి ఇంటర్వ్యూ కూడా గట్టెక్కారు. ఇక చేరడమే తరువాయి అనుకుంటుండగా అటెస్టేషన్ ఫారం చేతికొస్తుంది. చాలామంది దాన్ని అరగంటలో నింపేస్తారు. అసలు శ్రద్ధ పెట్టాల్సింది దానిమీదే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మామూలుగా వాడే ఈ ఫారంలో, గడిచిన అయిదేళ్లలో ఏడాదికి మించి ఉన్న చోట్లన్నీ రాయాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 21 ఏళ్లు నిండాక అక్కడ ఏడాదికి పైగా నివసించిన ప్రతి చోటూ, ఎంత పాతదైనా సరే, చూపించాలి.

తర్వాత వచ్చే ప్రశ్న మరీ ముఖ్యం. ఎప్పుడైనా అరెస్టయ్యారా? మీపై విచారణ జరిగిందా? కోర్టు జరిమానా వేసిందా? అమెరికాలో దుకాణంలో ఏదో వస్తువుకు బిల్లు కట్టలేదనో, తాగి కారు నడిపారనో పట్టుబడి, తర్వాత కేసు కొట్టేయించుకున్న పిల్లలు ఇక్కడ 'లేదు' అని రాసేస్తుంటారు. కేసు కొట్టేశారు కదా అన్నది వాళ్ల ధీమా. కానీ ఫారం అడిగింది శిక్ష పడిందా అని మాత్రమే కాదు, అరెస్టయ్యారా అని కూడా. ఫారం పైనే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారమిచ్చినా, దాచినా అనర్హతే. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. అరెస్టు, శిక్ష, విడుదల, పెండింగ్ కేసు, ఏది అడిగినా నిజమే చెప్పాలి. చిన్నాచితకా నేరమైతే దాచినా యాజమాన్యం మన్నించే అవకాశముంది. నిజం చెప్పినా ఉద్యోగం ఖాయమని కాదు, పూర్వాపరాలు చూసి నిర్ణయించే హక్కు యాజమాన్యానిదే. అయినా నా సలహా మారదు. చెప్పిన కేసుపై వాదించుకోవచ్చు. దాచిన కేసు బయటపడితే వాదన మీ నిజాయతీ మీదికి మళ్లుతుంది.

కేసు నడిచిన కౌంటీ కోర్టు క్లర్కు దగ్గర తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. దాన్ని ఫారంతోపాటే ఇవ్వండి.

ఇక పోలీసు క్లియరెన్స్. మన పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ ఇక్కడి రికార్డులకే చెల్లుతుంది, డాలస్‌లో గడిపిన ఏళ్లకు అది జవాబు కాదు. అక్కడి రికార్డుకు ఎఫ్‌బీఐ నివేదిక కావాలి. రుసుము 18 డాలర్లు, పేరు ఒక్కటే చాలదు, వేలిముద్రలు తప్పనిసరి. అమెరికాలోనే ఉంటే కొన్ని పోస్టాఫీసుల్లో ఎలక్ట్రానిక్‌గా తీస్తారు. ఇంటికొచ్చాకైతే వేలిముద్రల కార్డు పోస్టులో పంపుకోవాలి. బ్రిటన్‌లో ఏక్రో అనే సంస్థ ఈ సర్టిఫికెట్ ఇస్తుంది. అందులో 'నో ట్రేస్' అని ఉంటే ఏమీ లేనట్టు. 'నో లైవ్ ట్రేస్' అని ఉంటే పాత నమోదు ఏదో ఉందని అర్థం, కాబట్టి ఎవరైనా అడిగేలోగా మీరే వివరణ సిద్ధం చేసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చే నిజామాబాద్, జగిత్యాల అన్నదమ్ములకు ప్రత్యేకంగా చెబుతున్నా: దుబాయ్‌లో ఉండగా ఆన్‌లైన్‌లో అయ్యే పని, వీసా రద్దయి వచ్చేశాక వేలిముద్రలు, ఎంబసీ ముద్రలు అంటూ సాగుతుంది.

ఈ కాగితాలు ఒక్క సర్కారు కొలువుకే కాదు. రేపు కెనడా పీఆర్‌కు వెళ్తే, గత పదేళ్లలో వరసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ అడుగుతారు.

అడ్రసులకు రుజువులూ ముఖ్యమే. నలుగురు కలిసి అద్దెకున్న ఇంట్లో లీజు ఒక్కరి పేరునే ఉంటుంది. మీ పేరున బ్యాంకు స్టేట్‌మెంటో, కరెంటు బిల్లో, యూనివర్సిటీ హౌసింగ్ ఇచ్చిన ఉత్తరమో ఉంచుకోండి. కాలేజీ మెయిల్ ఐడీ మూసేయకముందే వాటన్నిటినీ సొంత మెయిల్‌కు పంపుకోండి.