చక్కెర నీళ్ల నుంచి హైడ్రోజన్: జేమ్స్ డ్యుమెసిక్ చెప్పే కెటాలిసిస్ పాఠం

ఉత్ప్రేరకం అంటే ఏమిటని వైవాలో అడిగితే మనందరిదీ ఒకటే జవాబు: "చర్య వేగాన్ని పెంచుతుంది, తాను మాత్రం ఖర్చవదు." ఇందులో తప్పేమీ లేదు, కానీ ఇది సగం కథే. మిగతా సగం తెలియాలంటే అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన జేమ్స్ డ్యుమెసిక్ పరిశోధనను చూడాలి.

ఆయన 1971లో అక్కడే డిగ్రీ చేశారు. 1974లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ బూదార్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసి, 1976లో చదివిన చోటికే అధ్యాపకుడిగా తిరిగొచ్చారు. చాలా ఏళ్లు ఆయన పట్టుకున్నది మౌలికమైన ప్రశ్న: ఉత్ప్రేరకం ఉపరితలం మీద ఒక్కో అడుగులో ఏం జరుగుతోంది? ఏ బంధం ముందు తెగుతోంది? ఏ అడుగు నెమ్మది? ఇలా లెక్కగట్టే పద్ధతే మైక్రోకైనెటిక్స్. 1993లో దీని మీద ఆయన సహరచయితలతో పుస్తకమే తెచ్చారు.

ఆ చదువు ఇంధనాల దగ్గర అక్కరకొచ్చింది. మొక్కల నుంచి వచ్చే చక్కెరలో హైడ్రోజన్ ఉంది. తీయడమెలా? ఆవిరి చేయబోతే మూకుట్లో పాకంలా ముదిరి మాడిపోతుంది. అందుకే నీళ్లలో కరిగించి, ద్రవంగా ఉండగానే చర్య జరిపించారు. నీరు 225 డిగ్రీల సెల్సియస్ దగ్గరా మరగకుండా ఉండాలంటే వాతావరణ పీడనానికి పాతిక రెట్లు కావాలి. మన ప్రెషర్ కుక్కర్ సూత్రమే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున! 2002లో 'నేచర్' పత్రికలో ఈ ఫలితం వచ్చింది. బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిసరాల్‌తోనూ ఇది పనిచేస్తుంది. లెక్క చూడండి: ఒక గ్లిసరాల్ అణువు, మూడు నీటి అణువులు కలిస్తే ఏడు హైడ్రోజన్ అణువులు, మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ పరిస్థితుల్లో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి మీథేన్ అయిపోవాలని చూస్తాయి. థర్మోడైనమిక్స్ కూడా మీథేన్ పక్షమే. సమతాస్థితిని ఏ ఉత్ప్రేరకమూ మార్చలేదు. మరి హైడ్రోజన్ దక్కేదెలా? కార్బన్-కార్బన్ బంధాన్ని చకచకా తెంచుతూ, మీథేన్ వైపు వెళ్లే అడుగును మాత్రం నెమ్మదిగా ఉంచే లోహం కావాలి. ప్లాటినం ఆ పని చేస్తుంది, కానీ ఖరీదు. నికెల్ చవక, కానీ మీథేన్ ఎక్కువ చేస్తుంది. 2003లో 'సైన్స్' పత్రికలో డ్యుమెసిక్ బృందం దీనికి దారి చూపింది: నికెల్‌కు తగరం కలిపితే మీథేన్ బాగా తగ్గింది! వేగంతో పాటు దారిని ఎంచే ఈ గుణమే సెలెక్టివిటీ.

2002లోనే ఆయన, రాండీ కార్ట్‌రైట్ కలిసి వైరెంట్ సంస్థను మొదలుపెట్టారు. తర్వాత అది ద్రవ ఇంధనాల వైపు మళ్లింది. 2021 డిసెంబర్ 1న షికాగో నుంచి వాషింగ్టన్‌కు ప్రయాణికులతో వెళ్లిన యునైటెడ్ విమానంలో ఒక ఇంజన్ పూర్తిగా సుస్థిర ఇంధనంతో నడిచింది. ఆ ఇంధనంలోని ఆరోమాటిక్ భాగం వైరెంట్ పద్ధతిలో మొక్కల చక్కెర నుంచి తయారైందే.

కైనెటిక్స్ పేపర్ చదివేటప్పుడు "ఇదెక్కడ పనికొస్తుంది?" అని మనకు విసుగొస్తుంది కదా! డ్యుమెసిక్ అడుగడుగూ లెక్కగట్టిన ఏళ్లు లేకపోతే తగరం ఎందుకు కలపాలో తట్టేది కాదేమో. ఈసారి రియాక్షన్ ఇంజనీరింగ్ లెక్క చేసేటప్పుడు "ఎంత వేగం?" దగ్గరే ఆగకండి. పోటీలో ఉన్న చర్యలేవి, మనకు అక్కర్లేనిదాన్ని ఎలా ఆపాలి అన్నది కూడా రాసుకోండి.