పాత కారుకు కొత్త బ్రేకులు - బలం పంపకం ఎలా?

- ఎం.టెక్. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి

తమ్ముళ్లూ! వార్షికోత్సవ సంచికకు మీకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని అడిగారు. కథలూ కవితలూ నాకు రావు. ఒకసారి తప్పు చేసి బాగా నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటుంది. అది బ్రేకుల గురించి. పదో తరగతి భౌతికశాస్త్రం చదివిన వారందరికీ అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను.

మేం చేసిన తప్పు

ప్రాజెక్టు పని కోసం నేనూ, ఇద్దరు మిత్రులూ ఒక షెడ్డులో పాత అంబాసిడర్ కారు మీద పని చేశాం. ఈ కారు గురించి మీకు తెలిసే ఉంటుంది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి తయారై, 2014లో ఆగిపోయింది. మా చేతికొచ్చిన కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. యజమాని అంతకుముందే శక్తిగల ఇంజను వేయించుకున్నాడు. వేగం పెరిగింది కాబట్టి బ్రేకులూ పెరగాలన్నాడు. మేం ముందు చక్రాలకు డిస్కులు, పెడల్‌కు బూస్టర్ బిగించాం. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాం.

సన్నని జల్లు పడ్డాక ఖాళీ మైదానంలో పరీక్షించాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పెడల్ గట్టిగా తొక్కగానే కారు వెనక భాగం పక్కకు జారి గిర్రున తిరిగింది. మేం వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది రోడ్డయి, ఎదురుగా లారీ ఉంటే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

షెడ్డు మేస్త్రి దగ్గరికొచ్చి, "ముందు కాళ్ల సంగతి చూశావు బాబూ, వెనక కాళ్ల సంగతి ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను లెక్కలన్నీ చేశానని అనుకున్నవాణ్ణి. చేయాల్సిన లెక్క ఒకటి వదిలేశాను. ఆ లెక్కే ఈ పాఠం.

బరువు ముందుకు వస్తుంది

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనమంతా ముందుకు తూలుతాం. కారణం జడత్వం. కారు విషయంలోనూ ఇదే జరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల మీద భారం పెరుగుతుంది, వెనక చక్రాల మీద అంతే తగ్గుతుంది. ఎంత మారుతుందో చెప్పే సూత్రం ఇది:

మారే భారం = కారు బరువు × రుణత్వరణం (జీలలో) × గరిమనాభి ఎత్తు ÷ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం

లెక్క సులువుగా ఉండటానికి కారు బరువు 1200 కిలోలు, గరిమనాభి ఎత్తు 0.6 మీటరు, ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు ముందు 600, వెనక 600 కిలోలు ఉన్నాయనుకుందాం.

పొడి రోడ్డు మీద 0.8 జీ రుణత్వరణంతో ఆపితే: 1200 × 0.8 × 0.6 ÷ 2.4 = 240 కిలోలు. అంటే ముందు 840, వెనక 360. నిష్పత్తి 70:30.

తడి రోడ్డు మీద టైరు పట్టు తక్కువ కాబట్టి 0.4 జీ మాత్రమే వచ్చిందనుకుందాం. మారే భారం 120 కిలోలు. ముందు 720, వెనక 480. నిష్పత్తి 60:40.

టైరుకు రోడ్డు మీద దొరికే ఘర్షణ దాని మీదున్న భారాన్ని బట్టి ఉంటుంది. ఏ చక్రం మీద ఎంత భారం ఉందో ఆ నిష్పత్తిలోనే దానికి బ్రేకు అందాలి. అంతకు మించి అందితే చక్రం పట్టేస్తుంది, తిరగడం మాని జారుతుంది.

ఏ చక్రం ముందు పట్టేయాలి?

ముందు చక్రాలు పట్టేస్తే స్టీరింగు పని చేయదు. కానీ కారు దాదాపు తిన్నగానే పోతుంది. పెడల్ కాస్త వదిలితే స్టీరింగు మళ్లీ చేతికొస్తుంది. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే వెనక భాగం పక్కకు తిరుగుతుంది. సరిదిద్దే వ్యవధి మామూలు డ్రైవరుకు దొరకదు. సైకిలు వెనక బ్రేకు గట్టిగా పట్టి ఇసుకలో జారిన వారికి ఇది చెప్పనక్కర్లేదు. అందుకే నియమం: పట్టేయడమంటూ జరిగితే ముందు చక్రాలదే మొదటి వంతు కావాలి.

మా కారులో తిరగబడింది ఇదే. డ్రమ్ములో షూ డ్రమ్ముకు తగలగానే, తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది. ఈ స్వయంసహాయం డిస్కుకు లేదు. అందుకే డిస్కుకు ఎక్కువ పీడనం కావాలి, దానికోసమే బూస్టర్ పెట్టాం. పాస్కల్ నియమం ప్రకారం ఆ పెరిగిన పీడనం ముందుకూ వెనకకూ సమానంగా వెళ్లింది. వెనక డ్రమ్ములకు పెరిగిన పీడనమూ అందింది, పాత స్వయంసహాయమూ ఉంది. తర్వాత లెక్క వేస్తే మా బ్రేకు పంపకం 50:50 దగ్గర ఉందని తేలింది. తడి నేల మీద వెనక మోయగలిగేది 40 వంతులే. కారు తిరగక ఏం చేస్తుంది?

సరిచేసే సాధనాలు రెండు

ఒకటి: ప్రపోర్షనింగ్ వాల్వు. దీన్ని వెనక చక్రాలకు వెళ్లే పైపులో బిగిస్తారు. ఒక పీడనం వరకు ఇది అడ్డు చెప్పదు, వచ్చిందంతా వెనకకు పంపుతుంది. ఆ గీత దాటాక వెనక పీడనం పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఉదాహరణకు గీత 30 బార్ల దగ్గర ఉండి, ఆ పైన వచ్చే దానిలో 43 శాతమే పంపేలా వాల్వు ఉందనుకోండి. ముందు 60 బార్లు ఉంటే వెనక 30 + 12.9, అంటే సుమారు 43 బార్లు మాత్రమే. పైనున్న నాబ్ తిప్పితే గీత పైకో కిందికో జరుగుతుంది. ఒకే పెడల్‌కు ఒకే మాస్టర్ సిలిండర్ ఉన్న రోడ్డు కారుకు ఇదే సరిపోతుంది.

రెండు: బ్యాలెన్స్ బార్. ముందుకొకటి, వెనకకొకటి రెండు మాస్టర్ సిలిండర్లు ఉంటాయి. వాటి రెండు కడ్డీలను ఒక అడ్డ బార్ నెడుతుంది. ఆ బార్‌ను మధ్యలో ఒక బేరింగు ద్వారా పెడల్ నెడుతుంది. ఇది మన కావడే! బరువైన కుండ ఎటుంటే భుజం అటు దగ్గరగా జరుపుకుంటాం. ఇక్కడ భుజం స్థానంలో బేరింగు ఉంది. రెండు కడ్డీల మధ్య 60 మిల్లీమీటర్లుంటే, బేరింగు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు సగం సగం. బేరింగును ముందు సిలిండర్ వైపు 6 మిల్లీమీటర్లు జరిపితే ముందుకు 36/60, అంటే 60 శాతం. వెనకకు 40 శాతం. ఇది ఎక్కువగా పందెం కార్లలో వాడే ఏర్పాటు.

బిగించే క్రమం

1. ముందు పాత జబ్బులు నయం చేయాలి. కారుతున్న వీల్ సిలిండర్, అరిగిన షూ, నాలుగు రకాల టైర్లు ఉన్న కారుకు వాల్వు వేసి లాభం లేదు. వాల్వు మందు కాదు.

2. వాల్వును మాస్టర్ సిలిండర్‌కూ, వెనక రెండు చక్రాలకు పైపు చీలే చోటుకూ మధ్యలో పెట్టాలి. ముందు పైపులో ఎప్పుడూ పెట్టకూడదు. ఏ రంధ్రం లోపలికి, ఏది బయటికి అన్న గుర్తులు చూసుకోవాలి. సైలెన్సర్ పైపు వేడి తగలకూడదు. కంపెనీ వారు వెనక పైపులో ముందే పెట్టిన వాల్వు ఉంటే రెండూ కలిపి ఉంచకూడదు.

3. బ్రేకు కోసమే తయారైన ఉక్కు పైపు వాడాలి. మామూలు రాగి పైపు కదలికలకు గట్టిపడి చిట్లుతుంది. పైపు చివర రెండు మడతల ఫ్లేర్ ఉండాలి. పాత కార్లలో అంగుళాల మరలు, కొత్త సామానులో మిల్లీమీటర్ల మరలు వస్తాయి. రెండు మూడు చుట్లు ఎక్కింది కదా అని బలవంతంగా బిగిస్తే అక్కడే లీకు మొదలవుతుంది.

4. కొత్త బ్రేకు ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి ఎయిర్ తీయాలి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగితే పెడల్ నేలకు దిగుతుంది. అందుకే మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బా వాడవద్దు.

5. బ్యాలెన్స్ బార్ అయితే మరో పరీక్ష ఉంది. కారు నిలిపి, ఒక వైపు ఎయిర్ తీసే నిపుల్ వదులు చేసి పెడల్ తొక్కాలి. బార్ వంకరగా వాలినా ఎక్కడా తట్టుకోకుండా, రెండో వైపు పీడనం రావాలి. రాకపోతే ఒక పైపు పగిలిన రోజున రెండు బ్రేకులూ పోయినట్టే.

పరీక్షించే పద్ధతి

జనం లేని, చదునైన, పొడి మైదానం చూసుకోవాలి. కారులో డ్రైవరు ఒక్కడే ఉండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. ఎందుకంటే వెనక బరువు తక్కువున్నప్పుడే వెనక చక్రాలు త్వరగా పట్టేస్తాయి. ఆ స్థితిలో క్షేమమైతే మనుషులు ఎక్కినప్పుడూ క్షేమమే.

మొదట వాల్వును వెనకకు అతి తక్కువ వెళ్లేలా పెట్టాలి. గంటకు 30 కిలోమీటర్లతో మొదలుపెట్టాలి. దూరంగా పక్కన నిలబడిన మిత్రుడు సెల్‌ఫోనులో చక్రాలను వీడియో తీయాలి. నాబ్ ఒక్కో చుట్టూ తిప్పుతూ మళ్లీ మళ్లీ పరీక్షించాలి. వెనక చక్రం ముందుగా పట్టేయబోతున్నట్టు కనిపించగానే వెనక్కి తిప్పి, ముందు చక్రాలే మొదట పట్టేసే చోట ఆపాలి. వేగం కొద్దిగా పెంచి మళ్లీ చూడాలి. అక్కడ బిగించి, రంగుతో గుర్తు పెట్టాలి.

సర్దుబాటు చేసే వీలుంది కదా అని రోజూ తిప్పకూడదు. పందెం డ్రైవరు వాన పడితే వెనకకు కొంచెం పెంచుకుంటాడు. రోడ్డు మీద పొద్దున తడి, మధ్యాహ్నం పొడి. తడికని 60:40 పెట్టి మర్చిపోతే, పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కిన రోజున వెనక మోయగలిగేది 30 వంతులే. పొడి రోడ్డుకు సరిపడా 70:30 పెడితే తడిలో ఆగే దూరం కొంత పెరుగుతుంది, కారు మాత్రం తిరగదు. నష్టం తప్పనిసరైతే చిన్న నష్టాన్ని ఎంచుకోవాలి.

కొత్త కార్లలో ఈ పనిని ఏబీఎస్, దానితో పాటు వచ్చే ఎలక్ట్రానిక్ పంపకం చక్రం చక్రానికీ చూసుకుంటాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఏబీఎస్ ఉన్న కారు పైపుల్లో ఇలాంటి వాల్వు పెట్టకూడదు. ఇంకో మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. కాబట్టి రెంచి పట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మంచిది.

మీరే చేసి చూడండి

పైన చెప్పిన కారునే 0.6 జీ రుణత్వరణంతో ఆపితే ముందు, వెనక భారాల నిష్పత్తి ఎంత? ముందు, వెనక సిలిండర్లూ బ్రేకులూ ఒకే రకమైతే, ఆ నిష్పత్తి రావడానికి 60 మిల్లీమీటర్ల బ్యాలెన్స్ బార్‌లో బేరింగును మధ్య నుంచి ఎంత జరపాలి?

(జవాబు: 65:35, ముందు సిలిండర్ వైపు 9 మిల్లీమీటర్లు.)

ఈ లెక్క నేను ఆ మైదానానికి వెళ్లకముందే చేసి ఉండవలసింది. పది నిమిషాల పని. తర్వాత వాల్వు బిగించి, అదే మైదానంలో, అలాంటి జల్లులోనే మళ్లీ తొక్కాను. ముందు చక్రాలు జారాయి, కారు తిన్నగా పోయి ఆగింది. మేస్త్రి వంగి నాలుగు చక్రాల జాడలూ చూసి, "ఇప్పుడు సరిగ్గా పంచావు" అన్నాడు. నా ప్రాజెక్టుకు వచ్చిన మార్కుల కంటే నాకు ఆ మాటే ఎక్కువ గుర్తుంది.