కాలేయము చెడిన కుక్కకు మతి తప్పుట



కావలికుక్క తిండి తిన్న కొంతసేపటికి తూలుచు, ఒకే వైపునకు తిరుగుచు, గోడకు తల నొక్కి నిలిచి చొల్లు కార్చినచో, ఊరివారు దానిని పిచ్చికుక్క యని కర్రలు పట్టుకొందురు. దాని నోటి దగ్గరకు పోకుండుట న్యాయమే; కరచినయెడల గాయమును సబ్బునీటితో బాగుగా కడిగి తత్క్షణమే ఆసుపత్రికి పోవలెను. కాని యీ చిహ్నములు పిచ్చి లేకయే, కాలేయము చెడుటచేతను కలుగవచ్చును. పశువైద్యుడు తప్ప ఎవ్వరును కంటిచూపుతో దీనిని తేల్చరాదు.

1877లో రష్యాదేశమున నికొలాయ్ ఎక్ అను వైద్యుడు, కుక్క ప్రేవులనుండి కాలేయమునకు పోవు పెద్ద సిరను మరలించి, గుండెకు పోవు సిరతో కలిపెను. 1893లో పావ్లోవ్ మొదలగువారు అదే శస్త్రము చేసి చూడగా, అట్టి కుక్కలు మాంసము తిన్న పిమ్మట రేగి, తూలి, చూపు తప్పి, మూర్ఛిల్లుచుండెను.

కారణ మేమన, ప్రేవులలోని సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరుగగొట్టునపుడు అమ్మోనియా పుట్టును. మూత్రము నిలిచిన కొట్టములో ముక్కునకు తగులు ఘాటు ఇదియే. మంచి కాలేయము దీనిని యూరియాగా మార్చును. మనము పొలమున చల్లు యూరియాయు ఆ పదార్థమే. కాలేయము పని చేయనిచో రక్తమున అమ్మోనియా పెరిగి, యూరియా తగ్గును. పెరిగినది మెదడు చేరి, అచ్చటి కొన్ని కణములను ఉబ్బజేయును.

మార్పు ఇంతటితో ఆగదు. మాంసకృత్తుల ముక్కలగు అమైనో ఆమ్లములలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనునవి తగ్గును. అమ్మోనియాను అణచుటకు కండలు వానిని ఖర్చు చేయుటయే అందులకు హేతువు. కాలేయమే విరువవలసిన టైరోసిన్, ఫినైల్ అలనిన్ అనునవి పేరుకొనును. పిత్తామ్లములును హెచ్చును. అందుచేతనే వైద్యులు భోజనమునకు ముందును, రెండు గంటల తరువాతను రక్తము తీసి పిత్తామ్లములను చూతురు. అమ్మోనియాకు తీసిన రక్తమును మంచులో నుంచి వెంటనే పరీక్షింపవలెను. ఆలస్యమైన రక్తము సీసాలోనే అమ్మోనియాను పెంచి లెక్క తప్పించును.

యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్నజాతులలో కొన్ని పిల్లలు పుట్టుకతోనే దారి తప్పిన సిరతో పుట్టును. మన ఊరికుక్కల విషయమున నాకు ఎక్కువ భయము బూజు పట్టిన వేరుసెనగవలనను, మొక్కజొన్నవలనను. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో బూజు మొక్కజొన్న తిని అనేకులు కామెర్లతో మరణించిరి; అదే తిన్న కుక్కలును జబ్బుపడెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ బూజువిషమగు ఆఫ్లటాక్సిన్‌ను గూర్చి వ్రాసిరి. కావున ఎద్దు ముట్టని చెక్కను కుక్కకు వేయకుడు.

చికిత్సకు లాక్టులోజ్ అను తీపి మందు కలదు. అది పెద్దప్రేగును పులియజేసి, అమ్మోనియాను రక్తమున చేరనీయక మలముతో వెడలించును. మోతాదు వైద్యుడే చెప్పవలెను. మాంసము తగ్గించి, పాలవిరుగుడు, గ్రుడ్డు, అన్నము కొంచెము కొంచెముగా దినమునకు నాలుగు మారులు పెట్టవచ్చును. మాంసకృత్తులు బొత్తిగా మాన్పినచో కండలు కరగి అమ్మోనియా మరింత పెరుగును. మలబద్ధమును రానీయరాదు.